బువాలై పెరడు

మా పక్కింటి బువాలై ఇల్లు ఫయావ్ పట్నంలో, పాత కోటగోడ లోపల, సగం కూలిన ఇటుక స్తూపానికి ఆనుకుని ఉంది. ఆమె కాపురానికొచ్చిన కొన్నాళ్లకే ఆ చోటును చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఇక అక్కడ గునపం దించకూడదు, గోడ లేపకూడదు. అమ్ముకుని పోదామన్నా అలాంటి ఇల్లు ఎవరు కొంటారు?

సెలవు రోజుల్లో, ఒక్కరోజులో తొమ్మిది గుళ్లు చుట్టే భక్తులు వ్యాన్లు దిగేవారు. ఆరేసిన బట్టల మధ్య నిలబడి ఫొటోలు తీసుకునేవారు.

"ఎంత పుణ్యం చేసుకున్నావమ్మా, బుద్ధుడి నీడలో కాపురం!" అంది ఒకావిడ.

"నాలుగు రోజులు మీరుండండి పిన్నిగారూ, మీ వ్యాన్‌లో నేను పోతా."

అందరూ నవ్వారు. బువాలై నవ్వలేదు.

ఆ వానాకాలం మరుగుదొడ్డి గుంత కూలిపోయింది. కొత్తది తవ్వుకోవడానికి అనుమతి రాలేదు. వానలో గుడి దొడ్డిదాకా నడిచి నడిచి విసిగిపోయి, ఎవరూ రారన్న ధైర్యంతో ఒకరోజు తనే పార పట్టింది. మోకాలి లోతు దిగాక పార ఖంగుమంది. చేత్తో మట్టి తుడిస్తే రాతి బుద్ధుడి చెవి, పక్కన సగం మూసిన కన్ను. పార తగిలి చెవి తమ్మె విరిగింది.

మొగుడు ఇన్‌సోన్ వచ్చేసరికి ఆమె బురదలో మోకరిల్లి ఉంది.

"ఎంత పని చేశావే! అదీ దొడ్డి కోసం!"

"తెలిసి చేశానా?"

"ముందు పూడ్చెయ్. బయటికి పొక్కిందా, జైలే."

పూడ్చేశారు. అప్పటినుంచి ఆ కాస్త నేలమీద ఎవర్నీ అడుగు వెయ్యనిచ్చేది కాదు.

"అటు తొక్కకక్కా, బురద," అని నన్నూ కసిరేది.

"మండుటెండలో బురదేమిటే?" అంటే మొహం తిప్పుకునేది.

మరుసటేడు పురావస్తు ఆఫీసు నుంచి ఒకతను వచ్చాడు. స్తూపం చుట్టూ తవ్వుతారట. ఇల్లిచ్చేస్తే చెరువు దగ్గర స్థలమిస్తారట. ఇన్నేళ్లూ ఆమె కోరుకున్నదే.

"నేను కదలను. ఇక్కడే పోతా."

"బలవంతమేం లేదమ్మా, ఆలోచించుకోండి," అని అతను వెళ్లిపోయాడు.

"పోదాం పదవే, ఏదైతే అదవుతుంది," అన్నాడు ఇన్‌సోన్.

"రేపు తవ్వి ఆ చెవి చూస్తారు. ఎవరు కొట్టారని అడగరూ?"

కొన్ని నెలలు పోట్లాడి, అతను చెరువు దగ్గర తమ్ముడింటికి మారిపోయాడు. ఆ తర్వాతే ఆమె నాకు నిజం చెప్పింది.

"గుడిలో పెద్దస్వామికి చెప్పుకోరాదూ?" అన్నాను.

"చెబితే ఆయనా దాచాలి కదక్కా."

ఆమె ఇల్లివ్వకపోవడంతో తవ్వకం ఆగిపోయింది. బువాలై ఇంకా అక్కడే ఉంది, ఆ పెరడు వదిలి ఎటూ పోదు. నేను వెళ్తే గుమ్మంలోనే కూర్చోబెట్టి, ఊళ్లో సంగతులన్నీ ఒక్కొక్కటే అడుగుతుంది.