పేరయ్య అద్దం మీది రాగి రేకు

అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో పేరయ్య మినీ లారీని ఎరగని మిరప రైతు లేడు. ఆయన భయాన్ని ఎరగనివాడు కూడా లేడు. పాముకి భయపడడు, దెయ్యానికి భయపడడు, పోలీసు ఆపితే నవ్వుతూ దిగి కాగితాలు చూపిస్తాడు. టోల్‌గేటు కనిపిస్తే మాత్రం నీరుగారిపోతాడు.

కారణం లేకపోలేదు. బండి అద్దాలకి ఫాస్టాగ్ స్టిక్కర్లు వచ్చిన కొత్తలో, అందులో డబ్బు అయిపోయిన సంగతి చూసుకోకుండా పత్తి వేసుకుని చిలకలూరిపేట మిల్లుకి బయల్దేరాడు. గేటు దగ్గర రెట్టింపు కట్టించుకున్నారు. పోయిన డబ్బు పెద్దదేం కాదు గానీ, బండి మీదున్న కూలీలు ఊరికి రాగానే ఆ సంగతి ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. కుర్రకారు ‘డబల్ పేరయ్య’ అని పేరు కూడా పెట్టేశారు. వయసులో ఉన్నప్పటి నుంచీ బండి తోలుతూ ఏనాడూ ఒకరి చేత మాట పడని మనిషికి తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. “నలుగురూ నవ్విపోయారే” అంటూ భార్య వెంకటేశ్వరమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అప్పటినుంచీ లోడు ఒప్పుకున్నాడంటే ముందురోజే రీచార్జి. మెసేజి వచ్చేదాకా టీ తాగడు. వచ్చాక తను చదువుతాడు, చాలక పక్కింటివాళ్ళ చేత చదివిస్తాడు. రైతులు వెనక ఎంత ఎగతాళి చేసినా సరుకు మాత్రం ఆయన బండికే ఎక్కిస్తారు. పేరయ్య ఒప్పుకున్న కాయ వేళకి గుంటూరు మిర్చి యార్డులో దిగుతుందని అందరికీ నమ్మకం.

ఈ ఏడు ఆ నమ్మకంతోనే కోటిరత్నం తన కాయ ఎక్కించింది. ఆమె అదే ఊళ్ళో పొలం కౌలుకి తీసుకుని మిరప వేసింది. నల్లతామర పురుగు సగం తోటని తినేయగా మిగిలిన కాయ అది. శుక్రవారం వేలంపాట దాటిపోతే యార్డుకి వరసగా సెలవులు. పైగా ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఎండిన కాయ తడిసిందంటే రంగు తిరుగుతుంది, రంగు తిరిగిన కాయని కొనేవాడు మొహం తిప్పుకుని పోతాడు. అందుకని ఆమె కూడా బండెక్కి పేరయ్య పక్కన కూర్చుంది. దారి పొడుగునా రోడ్డు చూసింది తక్కువ, మబ్బు చూసింది ఎక్కువ.

సీజన్లో మొదటి లోడు కదా, ముందురోజు సాయంత్రమే వెంకటేశ్వరమ్మ బండికి పూజ చేసింది. అద్దానికి బొట్లు పెట్టి, లోపల పైనుంచి బంతిపూల దండ వేలాడదీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. “ఈసారి నీ భయానికి మందు వేశాలే” అని నవ్వింది కూడా. రీచార్జి మెసేజి చదువుకోవడంలో మునిగిపోయిన పేరయ్య ఆ మాట సరిగా వినలేదు.

మర్నాడు టోల్‌గేటు దగ్గర బండి ఆగింది. అడ్డుకర్ర లేవలేదు.

పేరయ్య కొంచెం వెనక్కి తీసి మళ్ళీ ముందుకి పోనిచ్చాడు. లేవలేదు. వెనక లారీలు హారన్లు మోగించడం మొదలుపెట్టాయి. “ఓ పెద్దాయనా, డబ్బులేసుకుని రావాలయ్యా!” అని ఎవడో అరిచాడు. పేరయ్య చెవులు వేడెక్కాయి.

“చూడు తల్లీ, నిన్ననే వేశాను” అంటూ టోలు వసూలు చేసే గదిలో కూర్చున్న అమ్మాయికి ఫోను చూపించాడు. ఆ అమ్మాయి పేరు నస్రత్.

“వేశావు బాబాయ్, నేను కాదనట్లా. మిషను నీ స్టిక్కర్ని చదవట్లేదు. చదవకపోతే లేనట్టే లెక్క. రెట్టింపు కట్టాలి.”

తప్పు తనది కాదని పేరయ్యకి తెలుసు. బండి పక్కకి పెట్టి, ఫోన్లు చేసి, గట్టిగా పోట్లాడొచ్చు. అది ఎప్పటికి తేలుతుందో! కోటిరత్నం వంక చూశాడు. ఆమె తొందరపెట్టి ఉంటే కసురుకునేవాడేమో. ఆమె కొంగు చివర పిడికిట్లో బిగించి మబ్బు వంకే చూస్తోంది.

‘డబల్ పేరయ్య’ అని మళ్ళీ పిలిపించుకోవాలి కాబోలు. పిలవనీ అనుకున్నాడు. జేబులోంచి డబ్బు తీశాడు.

“సరే తల్లీ, రెట్టింపే తీసుకో. ఈ కాయ తడవకూడదు.”

నస్రత్ ఆయన మొహం చూసింది. “ఆగాగు బాబాయ్, చేతి మిషనుతో ఒకసారి చూస్తా” అంటూ బయటికొచ్చింది. స్టిక్కర్ దగ్గర పెట్టి చూసింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. తల వంచి అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది.

“ఇదేంటి బాబాయ్, స్టిక్కర్ వెనక ఏదో మెరుస్తోంది?”

పేరయ్య బంతిపూల దండ పక్కకి జరిపాడు. స్టిక్కర్ మీద, లోపలివైపు, సరిగ్గా దానికి అతికినట్టు ఒక రాగి రేకు. దాని నిండా సన్నగా చెక్కిన గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. వెంకటేశ్వరమ్మ క్రితం వారం కోటప్పకొండకి వెళ్ళింది ఇందుకా! మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి, మొగుడికి జరిమానాలు పడకూడదని యంత్రం రేకు రాయించి తెచ్చింది. ఆయనకి భయమంతా ఆ స్టిక్కర్ దగ్గరే గదా అని తీసుకొచ్చి దాని మీదే జిగురు పెట్టి అంటించింది.

“రాగి రేకు అంటుకునుంటే సిగ్నల్ ఎట్లా అందుద్ది బాబాయ్!” అని నస్రత్ నవ్వింది.

పేరయ్య స్టిక్కర్ చిరగకుండా గోటితో మెల్లిగా రేకు ఊడదీశాడు. మిషను కుయ్యిమంది. అడ్డుకర్ర లేచింది. “మామూలు టోలే పడింది. ఇక పో బాబాయ్” అంది నస్రత్. పేరయ్యకి గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. ఆ అమ్మాయికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి బండి పోనిచ్చాడు. కాస్త దూరం పోయాక మెసేజి కుయ్యిమంటే ఒక్కసారి చూసి ఫోను పక్కన పడేశాడు.

పొద్దున్నుంచీ నవ్వని కోటిరత్నం, రేకు సంగతి విని, కొంగు వదిలి పగలబడి నవ్వింది. “అన్నయ్యా, కాపాడబోయి నిలువునా ఇరికించింది గదా మా వదిన! ఇంటికెళ్ళి ఆమెని ఒక్క మాటన్నావంటే మాత్రం నేనూరుకోను.”

“నేనెందుకంటానమ్మా” అన్నాడు పేరయ్య.

పాట మొదలయ్యే వేళకి మిరపకాయ టిక్కీలన్నీ, ఒక్క బస్తా కూడా తడవకుండా, యార్డు షెడ్డులో వరసగా నిలబడ్డాయి. ఆఖరి బస్తా దిగాక షెడ్డు పైకప్పు రేకుల మీద చినుకులు టపటపలాడాయి. కోటిరత్నం ఆ చప్పుడు వింటూ తన బస్తాకి ఆనుకుని కూర్చుంది. అప్పుడు పేరయ్య ఫోను మోగింది.

“ఏవయ్యా, గేటు దాటావా? ఫైనేమన్నా వేశారా?” వెంకటేశ్వరమ్మ.

“దాటాను. ఏమీ వెయ్యలేదే.”

“నే చెప్పలా! ఆ రేకు మహిమ. అద్దానికి ఊడకుండా ఉందా?”

పేరయ్య చొక్కా జేబు తడుముకున్నాడు. “అద్దం మీంచి తీసి జేబులో పెట్టుకున్నా. భయం ఉండేది అద్దంలో కాదు గదే, ఇక్కడ, గుండెల్లో గదా.”

“సరేలే, అన్నం తిని బయల్దేరు” అంది.

“తింటా. ఆకలి దంచేస్తోంది” అన్నాడు పేరయ్య.