జర్మనీ పుస్తకానికి గొంగడి

యూనివర్సిటీ లైబ్రరీలో ఎవరు ఏ పుస్తకం తిరిగి ఇచ్చినా బుచ్చిరాములుగారు ముందు దాన్ని వాసన చూసేవారు. తారీఖు చూడటం, ముద్ర కొట్టడం, టికెట్టు వాపసు ఇవ్వడం అన్నీ ఆ తర్వాతే. రెండు చేతులతో పుస్తకాన్ని మధ్యకు తెరిచి, అందులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకొని ఒక దీర్ఘమైన ఊపిరి పీల్చేవారు. అది బయటికి వచ్చేదాకా కౌంటరు ముందు నిలబడ్డవాడికి ఊపిరి ఆడేది కాదు. కళ్లు తెరిచాక ఆయన చెప్పేది తీర్పు. దానికి అప్పీలు లేదు.

"మిరపకాయ బజ్జి. నూట పన్నెండో పేజి."

తెరిచి చూస్తే నూట పన్నెండో పేజీలో నూనె మరక పున్నమి చంద్రుడిలా వెలుగుతూ ఉండేది.

ఆయన అసిస్టెంట్ లైబ్రేరియన్. యాభై దాటాయి. జనగామ దగ్గరి పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టారు. గడ్డివాములో తేమ చేరిందో లేదో పొలం గట్టు మీద నుంచే వాసనతో చెప్పేవాడట వాళ్ల నాయన. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములకు భూమి వెళ్లింది, ఈయనకు ఆ ముక్కు వచ్చింది.

ఆ ముక్కుకు చిన్నా పెద్దా లేదు. ఎకనామిక్స్ ప్రొఫెసర్ పార్థసారథిగారు ఒకసారి రెండేళ్ల కిందట తీసుకున్న పుస్తకం తెచ్చి ఇచ్చారు.

"ఇంగువ," అన్నారు బుచ్చిరాములుగారు. "సార్, గిది మీరు చదవలే."

"అదేమిటయ్యా, నా పేరు మీదే కదా తీసుకున్నాను?"

"తీసుకున్నరు. కానీ ఇన్ని రోజులు వంటింట్ల ఉన్నది. దీని మీద ఆవకాయ జాడీ పెట్టిన్రు."

ప్రొఫెసర్‌గారు మర్నాడు తనంతట తానే రెండో సంపుటం కూడా తెచ్చి ఇచ్చారు. వాళ్లింట్లో జాడీలు రెండు.

అయినా పార్థసారథిగారు ఆయన మీద ఈగ వాలనిచ్చేవారు కాదు. క్యాటలాగు కార్డుల్లో కూడా దొరకని నిజాం కాలపు రిపోర్టు ఏదైనా కావాలంటే బుచ్చిరాములుగారు బీరువాల మధ్య ముక్కు పైకెత్తి నడుచుకుంటూ వెళ్లి, పది నిమిషాల్లో దుమ్ముతో సహా పట్టుకొచ్చేవారు. "గా కాగితం వాసనే వేరు సార్," అనేవారు. ఆ ప్రొఫెసర్‌గారి పరిశోధనలో సగం ఆ ముక్కు పుణ్యమే.

శిక్షలు మాత్రం విచిత్రంగా ఉండేవి. కొమురెల్లి అని తెలుగు ఎం.ఏ. చదివే కుర్రాడు దసరా సెలవులకు ఊరికి వెళ్లకుండా హాస్టల్లోనే ఉండిపోయి చదువుకున్నాడు. సెలవుల తర్వాత అతను పుస్తకం ఇస్తే బుచ్చిరాములుగారు మూడుసార్లు వాసన చూశారు.

"నెల సంది ఇందుల చాయ్ వాసన తప్ప ఇంకో వాసన లేదు."

"చాయ్ మీద పడలేదు సార్. ఒక్క మరక ఉంటే చూపెట్టున్రి."

"పడలే. నేను మరక గురించి అంటలే. రేపటి సంది రోజూ ఒంటిగంటకు వెనక రూంలకు రా."

ఆ రోజు నుంచి కొమురెల్లి ఒంటిగంటకు తల దించుకొని వెనక గదిలోకి వెళ్లేవాడు. ఒకటిన్నరకు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చేవాడు. బీరువాలు కడిగిస్తున్నాడని కొందరు, బొద్దింకలు పట్టిస్తున్నాడని కొందరు అనుకునేవాళ్లు. ఏదైనా మరీ ఇంత కఠినం పనికిరాదని అందరూ అన్నారు. ఆయనతో ఎవరూ అనలేదు.

ఇలాంటి ముక్కు ముందుకు నారాయణ తన పుస్తకంతో రావలసి వచ్చింది.

నారాయణది అనంతపురం. కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నాడు. తార్నాకలో ఒకటిన్నర గది అద్దెకు తీసుకొని భార్య అన్నపూర్ణతో, ఐదు నెలల కూతురితో ఉంటున్నాడు. పాప పుట్టింది మొదలు అతనికి నిశ్చింత అనేది లేదు. పాప తుమ్మితే జలుబు చేసిందని భయం, తుమ్మకపోతే ముక్కు దిబ్బడ వేసిందని భయం. హాయిగా పడుకున్న పిల్లను, పడుకుందో లేదో చూడటానికి లేపేవాడు. రోజుకు ఆరుసార్లు థర్మామీటర్ పెట్టి గ్రాఫు గీసేవాడు. గ్రాఫు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చేది. అంత తిన్నగా ఉండటం కూడా మంచిది కాదేమోనని మరో బెంగ.

డిసెంబరు వచ్చింది. చలి తగలకుండా నారాయణ కిటికీకి పాత పేపర్లు అంటించాడు. తలుపు కింద గోనెపట్టా కుక్కాడు. సైన్సు చదివినవాడు కాబట్టి పని సగంలో వదలలేదు, చీమ దూరే సందు కూడా లేకుండా చేశాడు. తర్వాత ఉయ్యాల పక్కన బొగ్గుల కుంపటి పెట్టాడు.

ఆ కుంపటి పక్కనే కూర్చొని లావుపాటి జర్మనీ పుస్తకం చదివేవాడు. యూనివర్సిటీ మొత్తానికి అదొక్కటే ప్రతి. గైడుగారు చీటీ రాసి ఇస్తే వారానికొకసారి తెచ్చి చూపించే షరతు మీద ఇంటికి ఇచ్చారు. మార్చి ఆఖరుకు థీసిస్ ఇవ్వాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు, మూడోసారి పెంచరు. లైబ్రరీలో కూర్చొని చదువుదామంటే అన్నపూర్ణకు పొద్దున్నే తలనొప్పి, ఆమెను పాపతో రోజంతా ఒంటరిగా వదిలేసి రాలేడు. ఆ పుస్తకం ఇంట్లో ఉంటేనే థీసిస్, లేకపోతే లేదు.

మొదటి వారం బుచ్చిరాములుగారు వాసన చూసి, "బొగ్గులు," అన్నారు.

రెండో వారం, "బొగ్గులు. జర పాలు."

మూడో వారం ముక్కు పెట్టి చాలాసేపు తీయలేదు. తీసి, నారాయణ ముఖం వంక చూశారు.

"నారాయణ సాబ్, మీకు తలనొప్పి లేస్తదా?"

"పొద్దున పూట లేస్తుంది సార్. థీసిస్ ఒత్తిడి."

"ఇంట్ల ఆమెకు?"

"ఆమెకూ ఉంది."

"ఆమె గూడ థీసిస్ రాస్తున్నదా?"

"పాపతో నిద్ర ఉండదు కదా సార్, అందుకని..."

"బిడ్డ నిద్రపోతలేదా?"

"పాప బాగానే పడుకుంటుంది. ఈ మధ్య మరీ బాగా."

బుచ్చిరాములుగారు పుస్తకాన్ని కౌంటరు కింద పెట్టేశారు. "ఇది ఊకెనే మీ ఇంటికి రాదు. సాయంత్రం ఐదింటికి నేనే వస్త. పుస్తకం ఉండే జాగ చూడాలె. బాగుంటే ఇస్త, లేకుంటే లేదు. రూలు."

అలాంటి రూలు ఆ లైబ్రరీలోని ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంట్లో ఈ సంగతి వినగానే అన్నపూర్ణ, "మనం సీమవాళ్లమని కోపమేమో ఆయప్పకు," అంది.

"కాదులే. ప్రొఫెసర్‌గారి ఆవకాయనే వదల్లేదు. ఆయనకు అందరూ ఒకటే."

ఐదు గంటలకు ఆమె వాకిట్లో నుంచి పిలిచింది. "ఏమండీ, ఎవరో వస్తాండారు. చంకలో పుస్తకముంది, భుజాన గొంగడుంది. వెనక గొర్రెలొక్కటే తక్కువ."

బుచ్చిరాములుగారు గడప దగ్గర ఆగి, తలెత్తి, ఒక్కసారి గాలి పీల్చారు. ఇక ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి పోయి పేపర్లన్నీ చింపేశారు. రెక్కలు తెరిచారు. గోనెపట్టా లాగి పారేశారు. చెప్పు కాలితో నెట్టుకుంటూ కుంపటిని వాకిట్లోకి తీసుకుపోయారు.

"అయ్యో సార్, పాపకు చలి..." అని నారాయణ అడ్డం వెళ్లాడు.

"పుస్తకం ఉన్న రూంల కుంపటి ఉండొద్దు. కిటికీ బందు చెయ్యొద్దు. పుస్తకానికి ఊపిరాడదు."

"పుస్తకానికి ఊపిరాడకపోవడమేంది సార్?" అంది అన్నపూర్ణ.

"కాగితానికి ప్రాణముంటదమ్మా. మీకు తెల్వదు." ఉయ్యాల పక్కన చిన్న పీట వేసి, దాని మీద పుస్తకం పెట్టారు. "గిది దీని జాగ. ఈడికెల్లి తియ్యొద్దు." తర్వాత భుజం మీది గొంగడి తీసి నారాయణ చేతికిచ్చారు. "పొద్దుమూకంగనే పుస్తకానికి గిది కప్పున్రి. చలి."

"జర్మనీ పుస్తకానికి చలేంటి సార్?"

"అది వచ్చి ముప్పై ఏండ్లయింది. అలవాటు తప్పింది." గొంగడి వంక, ఉయ్యాల వంక మార్చి మార్చి చూశారు. "ఇది పెద్దది. పుస్తకానికి సగం చాలు. మిగిలింది గా బిడ్డకు కప్పున్రి, ఊకెనే ఉంచుడెందుకు. ఇంకో మాట. రోజూ వచ్చి తలనొప్పి ఉన్నదో లేదో నాకు చెప్పాలె."

"నా తలనొప్పికీ పుస్తకానికీ ఏం సంబంధం సార్?"

"తలనొప్పితోని చదివేటోడు పేజీలు గట్టిగ తిప్పుతడు. చినుగుతయి."

ఆయన వెళ్లిపోయారు. ఆయనకు పిచ్చి ముదిరిందనడంలో మొగుడికీ పెళ్లానికీ ఏ అనుమానమూ లేదు. కానీ పుస్తకం ఇంట్లో ఉండాలంటే పిచ్చివాడి మాట వినాలి. విన్నారు.

మూడో రోజు తెల్లారగానే పాప గొంతెత్తి ఏడ్చింది. వీధి చివరి దాకా వినిపించే ఆ ఏడుపు ఈ ఇంట్లో విని మూడు వారాలైంది. అన్నపూర్ణ ఒక చేత్తో పాపను ఎత్తుకొని, ఇంకో చేత్తో కాఫీ కలుపుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. నారాయణకు తల దూదిలా తేలికగా ఉంది. ఆ ఉత్సాహంతో థీసిస్ మొదటి అధ్యాయం శుద్ధప్రతి రాయడానికి కూర్చున్నాడు. రెండేళ్ల కిందట తానే రాసుకున్న మొదటి వాక్యాలు చూశాడు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలి చాలని చోట బొగ్గులు మండితే పుడుతుంది. మూసిన గదిలో ప్రాణాంతకం.

మూడుసార్లు చదివాడు. ప్రయోగశాలలో రెండేళ్లు కిందామీదా పడి సీసాడు తయారుచేసిన ఆ వాయువునే, మూడు వారాలుగా ఏ గ్రాంటూ లేకుండా ఇంటి నిండా తయారుచేస్తున్నాడు. గైడుకు కూడా చెప్పలేదు.

కిటికీ తెరిచే ఉందని రెండుసార్లు చూసుకొని, లైబ్రరీకి పరుగెత్తాడు.

"సార్, మీకు తెలుసు," అన్నాడు కౌంటరు ముందు నిలబడి.

"నాకేం తెల్వదు. సైన్స్ ముచ్చట నాతోని చెప్పకున్రి. బొగ్గు పొగ పట్టిన పుస్తకాన్ని పురుగు తొందరగ తింటది, గంతే. తలనొప్పి ఉన్నదా?"

"లేదు సార్."

"అయితే పేజీలు పైలం." ఆయన ఇంకెవరిదో పుస్తకంలో ముక్కు పెట్టేశారు.

అటెండరు సామేలు నారాయణను మెల్లగా పక్కకు పిలిచాడు. "పొగకు పురుగొస్తదా సార్ యాడనన్న? ఉన్న పురుగు గూడ ఉరుకుతది. మీ పుస్తకం ఆపిన దినం పెద్దసారు నాతోని మెడిసిన్ సెక్షన్ల నుంచి మూడు పుస్తకాలు తెప్పిచ్చిండు. వేలు పెట్టుకుంట చదివిండు. చదివి, నాలుగింటికే లేచి ఇంటికి పోయి గొంగడి తెచ్చుకున్నడు. ముప్పై ఏండ్ల నౌకరిల గాయన జల్దీ లేచిపోవుడు నేను చూడలే."

అప్పుడే ఒంటిగంట కొట్టింది. కొమురెల్లి తల దించుకొని వెనక గదిలోకి పోయాడు. బుచ్చిరాములుగారూ వెళ్లారు. నారాయణ ఆపుకోలేక తలుపు సందులోంచి చూశాడు. బల్ల మీద టిఫిన్ క్యారియర్ విప్పి ఉంది. జొన్నరొట్టెలు, వంకాయ కూర.

"నాలుగు రొట్టెలు మిగిలినయి," అంటున్నారు బుచ్చిరాములుగారు కఠినంగా. "పడేస్తే చీమలొస్తయి. చీమలొస్తే పుస్తకాలు ఖరాబైతయి. తిను."

"నిన్న గూడ నాలుగే మిగిలినయి సార్."

"మా ఇంటామెకు అందాజ తెల్వదు, ఏం జెయ్యాలె? లైబ్రరీ బాగుండాలంటే నువ్వు తినాలె. కూర గూడ."

కొమురెల్లి లైబ్రరీ క్షేమం కోసం తిన్నాడు.

మార్చి ఆఖరి వారంలో నారాయణ థీసిస్ ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే జర్మనీ పుస్తకం ఒక చంకలో, మడతపెట్టిన గొంగడి ఇంకో చంకలో పెట్టుకొని వచ్చి కౌంటరు ముందు వరసలో నిలబడ్డాడు.

బుచ్చిరాములుగారు పుస్తకం తెరిచి వాసన చూశారు. "బొగ్గు లేదు," అన్నారు. తర్వాత ఆయన వేలు అట్ట చివర ఆగింది. ఆ మూల మెత్తబడి ఉంది. దాని మీద రెండు చిన్న నొక్కులు ఉన్నాయి. సామేలు భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, క్షమించాలి. పక్కనే పీట మీద ఉంచమన్నారు కదా, పాపకు చెయ్యి అందింది..."

"పండ్లొచ్చినయా?"

"రెండు సార్. కింద."

బుచ్చిరాములుగారు తారీఖుల చీటీ తిప్పి చూశారు. "ముప్పై ఏండ్లల్ల దీన్ని పదకొండు మంది తీసుకపోయిన్రు. నమిలింది గీమె ఒక్కతే." ముద్ర కొట్టి పుస్తకం పక్కన పెట్టారు.

నారాయణ గొంగడి ముందుకు జరిపాడు. ఆయన అలవాటు కొద్దీ దాన్నీ మధ్యకు తెరిచి ముక్కు పెట్టి, కళ్లు మూసుకున్నారు. లోపలికి వెళ్లిన ఊపిరి ఎంతసేపటికీ బయటికి రాలేదు. వెనక వరసలో ఐదుగురు నిలబడి ఉన్నారు. చివరికి సామేలు దగ్గాడు.

ఆయన కళ్లు తెరిచారు. "దీనికి పుస్తకం వాసన జర గూడ లేదు. మీరు పుస్తకానికి కప్పలే."

"లేదు సార్," అని ఒప్పుకున్నాడు నారాయణ. "మొత్తం పాపకే కప్పాం."

"రూలు తప్పిన్రు." గొంగడిని మళ్లీ మడతపెట్టి కౌంటరు మీది నుంచి అతని వైపు తోశారు. "శిక్ష. వచ్చే చలికాలం దాక మీ తాననే ఉంచుకోవాలె."

వెనకవాడి పుస్తకం కోసం చెయ్యి చాపి, తెరిచి, ముక్కు పెట్టారు.

"ఉల్లిగడ్డ," అన్నారు.