పిచ్చి గీతలనుకుని తుడిచేసిన పుస్తకం

మా కరీంనగర్‌లో కంప్యూటర్ షాపుకెళ్లి కాస్త తక్కువ ధరది చూపించమంటే ‘డాస్ సిస్టం’ అని ఒకటి తీస్తారు. అందులో విండోస్ ఉండదు, విండోస్ రాకముందటి నల్లతెర డాస్‌కు ఉచితంగా దొరికే నకలు ఫ్రీడాస్ ఉంటుంది. ఆ ఫ్రీడాస్ ముఖం కొన్నవాడు ఒక్కసారి కూడా చూడడు. మనం చాయ్ తాగేలోపు షాపువాడే దాన్ని తుడిచేసి, దొంగ విండోస్ ఎక్కించి, పెద్ద మర్యాద చేసినట్టు చేతికిస్తాడు. ఏళ్ల తరబడి ఈ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసి బతికినవాణ్ణి, నేనూ అలా ఎన్నో తుడిచాను. ఆ మర్యాద ఎంత పని చేస్తుందో నాకు ఒక ఏడాది బాగా తెలిసొచ్చింది.

చూపులేని పిల్లల హాస్టల్ ఒకటుంది మా పేటలో. దాతల సాయంతో నడుస్తుంది. ప్రతి ఆదివారం అక్కడికి పోయి కంప్యూటర్ పని చూసేవాణ్ణి. అక్కడ బ్రెయిలీ అచ్చు యంత్రం ఒకటుంది, మంచంలో సగం ఉంటుంది. మందపాటి కాగితం మీద సూదులతో చుక్కలు పొడుస్తుంది. మొదలైతే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టే ఉంటుంది. దానికి పాఠాలు సిద్ధంచేసే ప్రోగ్రాం పాత కాలంది, డాస్ మీద తప్ప నడవదు. తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. అయినా మాకేం లోటు? అది చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది.

అక్కడి తెలుగు టీచరమ్మది చెన్నూరు వైపు. పుట్టుకతోనే చూపు లేదు. నన్ను అన్నా అంటుంది, నాకు ఆమె చెల్లెలే. కీబోర్డులో ఆరంటే ఆరు మీటలు వాడుతుంది. ఒక అక్షరానికి ఎన్ని చుక్కలుంటే అన్ని మీటలు ఒకేసారి నొక్కుతుంది. ఆ ఏడు పదో తరగతి తెలుగు పుస్తకం మారింది. కొత్తది బ్రెయిలీలో ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. పరీక్ష రాయాల్సిన పిల్లలు నలుగురు. ఎండాకాలమంతా నేను పుస్తకం చదవడం, ఆమె కొట్టడం. పుస్తకం పూర్తయింది, ఇక అచ్చేయడమే అనుకున్న వారంలో పిడుగు పడి కంప్యూటర్ మాడిపోయింది. నయం, హార్డ్ డిస్కు బతికింది.

ఒక దాత కొత్త కంప్యూటర్ ఇస్తానన్నాడు. వార్డెన్ సారుకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. డాస్ సిస్టమే తీసుకోండి, షాపువాణ్ణి అందులో వేలు పెట్టనివ్వకండి, పాత డిస్కు నేనొచ్చేదాకా ఎవరికీ ఇవ్వకండి. సరే సరే అన్నాడు. ఆదివారం పోయి చూస్తే కొత్త కంప్యూటర్‌లో నీలిరంగు విండోస్ తళతళలాడుతోంది. షాపువాళ్లే అన్నీ ఇందులోకి మార్చి ఇస్తామంటే వార్డెన్ పాత డిస్కు కూడా వాళ్ల చేతికిచ్చాడట. వెతికితే కొత్తదాంట్లోనూ, పాత డిస్కులోనూ ఏమీ లేదు. ఆ డిస్కు జేబులో వేసుకుని సరాసరి షాపుకు పోయాను.

“అన్నా, దానికి వైరస్ పట్టింది. ఏ ఫైలు తెరిచినా పిచ్చి గీతలే. ఒక్క అక్షరం సక్కగ లేదు. అందుకే మొత్తం సాఫ్ చేసి ఇచ్చిన, పైసలు గూడ తీస్కోలే” అన్నాడు షాపువాడు.

బ్రెయిలీ ఫైలు కళ్లున్నవాడికి అలాగే కనిపిస్తుంది. కామాలు, ప్రశ్నార్థకాలు, అంకెలు కలగలిసి పారబోసినట్టుంటుంది. వీడు అది చూశాడు, చెత్త అనుకున్నాడు, ఊడ్చేశాడు. ఎవరిదని అడగలేదు. ఒక్క ఫోను చేయలేదు. పోయినవి రాబట్టుకునే వీల్లేకుండా డిస్కంతా సున్నాలు నింపి మరీ తుడిచాడు. చెయ్యి చేసుకోబోయి ఆగాను. ఆ రోజు ఆగినందుకు ఇప్పటికీ అప్పుడప్పుడు బాధపడుతుంటాను.

హాస్టల్‌లో ఓదార్పులు మొదలయ్యాయి. ఇంకా బ్రెయిలీ ఎందుకు, ఫోన్‌లో పాఠాలు చదివి పెడితే పిల్లలు వింటారు కదా అన్నాడు వార్డెన్. అక్కడున్నవాళ్లంతా తలలూపారు. చెల్లె మాత్రం ఊపలేదు.

“వింటే ఎవలో చెప్పినట్టుంటది సారూ. చదివితే నేనే చదివినట్టుంటది. మీ పిల్లలకైతే పుస్తకాలు బంద్ చేసి ఫోన్ చేతిల పెడ్తరా?” అంది.

మళ్లీ మొదటి పాఠం మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాం.

ప్రోగ్రాం నకలు మా ఇంట్లో ఫ్లాపీల మీద ఉంది కాబట్టి సరిపోయింది. విండోస్ పీకేసి ఫ్రీడాస్ వేయబోతే కొత్త కంప్యూటర్ మొండికేసింది. సెట్టింగుల్లో పాత పద్ధతిని ఒప్పుకునే మీట ఎక్కడో అడుగున దాచారు. అది వెతికి మార్చాక దారికొచ్చింది. వరస చివరికొస్తే ప్రోగ్రాం బీప్‌మంటుంది, చెల్లెకు అదే గుర్తు. కొత్త డబ్బాలో ఆ చిన్న స్పీకరు కూడా పెట్టలేదు మహానుభావులు, పాత డబ్బాలోంచి పీకి తగిలించాను. కీబోర్డుదింకో బాధ. ఆరు మీటలు ఒకేసారి నొక్కితే కొత్తవి నాలుగే పట్టుకుంటున్నాయి. షాపు షాపుకూ తిరిగి కీబోర్డుల మీద ఆరు వేళ్లు ఆనించి చూస్తుంటే నాకు పిచ్చెక్కిందనుకున్నారు. చివరికి ఒకటి ఆరూ పట్టుకుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు అచ్చు యంత్రానిది. దాని లావుపాటి కేబులు పెట్టే చోటే కొత్త కంప్యూటర్‌కు లేదు. అలాంటి కేబులు ఒకవైపు, నెట్ వైరు ఒకవైపు పట్టే చిన్న పెట్టె ఒకటి పాత సామాన్ల షాపులో దొరికింది. ఇక ఫ్రీడాస్ నెట్ వైరులోకి మాట పంపగలగాలి. దానికి ప్యాకెట్ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. మూడు తెచ్చి పెడితే మూడూ ఈ కంప్యూటర్‌లోని నెట్ కార్డును గుర్తుపట్టలేదు. నాలుగోది పట్టింది. పాఠాన్ని ఫైలుగా రాయించి, ఆ ఫైలును నెట్ ద్వారా పెట్టెకు పంపించాను. రెండు క్షణాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత సూదులు కదిలాయి. చెల్లె యంత్రం మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

సంక్రాంతి సెలవులకు ముందే నలుగురు పిల్లల చేతుల్లో నాలుగు పుస్తకాలున్నాయి. ఎనిమిదో తరగతి పుస్తకం కూడా మొదలుపెట్టాం.

అప్పుడొచ్చాడు దాతగారు, తానిచ్చిన కంప్యూటర్ చూసుకుందామని. వెంట ఫోటో తీసేవాణ్ణి కూడా తెచ్చుకున్నాడు. తెర నల్లగా ఉంది, దాని మీద తెల్లటి పిచ్చి గీతలు. ఆయన ముఖం మాడిపోయింది. వార్డెన్ చేతులు నలుపుకుంటూ ఏదో నసిగాడు. మళ్లీ విండోస్ వేయిస్తాను, మా షాపువాణ్ణే పంపిస్తాను అన్నాడు దాత. నేను నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నాడు.

“కొత్త కంప్యూటర్ ఇస్తే గిట్ల చేసిన్రేంది? రంగుల్లేవు, బొమ్మల్లేవు. చూడనీకన్న బాగుండాలె కద.”

చెల్లె అప్పుడే అచ్చయిన పేజీ సరిచూస్తోంది. వేలు వరస మీద నుంచి ఎత్తలేదు.

“ఎవలు చూడనీకి, సారూ?” అంది.

ఫోటో తీసేవాడు కెమెరా దించాడు. ఆమె ఆ వరస పూర్తిచేసి, కింది వరసకు వేలు దించింది.