దర్జీ అక్క వేసిన దావా

ఆ వీధిలో అందరూ ఆమెను దర్జీ అక్క అనేవాళ్లు. ఆమెకంటే పెద్దవాళ్లకూ అక్కే. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో కాపురం, దాని వెనక తండ్రి ఇచ్చిపోయిన కాస్త ఖాళీ స్థలం. ఆ స్థలానికి అవతల బేకరీ నడిపే ఆయన ఇల్లు. ఆయన్ని ఆమె చిన్నప్పటి నుంచీ అన్నయ్యా అనే పిలిచేది.

ఒక వేసవిలో అన్నయ్య గోడ కట్టించాడు. తన హద్దులోనే కట్టుకుంటున్నాడులే అనుకుని, బడిపిల్లల యూనిఫారాల పనిలో మునిగిపోయిన అక్క అటువైపు చూడనేలేదు. పైగా ఎండలో మాడుతున్న పనివాళ్లకు టీ పంపింది. పని తెమిలాక ఒకరోజు వెనక తలుపు తీస్తే, అది సగం తెరుచుకుని ఠంగుమని గోడకు కొట్టుకుంది.

“ఏంటన్నయ్యా ఇది? నా స్థలమంతా నీ గోడ లోపలికి వెళ్లిపోయిందే!”

“నీ స్థలమేంటమ్మా? అది మాదేనని మా నాన్న ఎప్పుడో చెప్పాడు” అన్నాడాయన చేతుల పిండి దులుపుకుంటూ.

సంగతి తెలిసి అక్క తమ్ముడు ఇంతెత్తున లేచాడు. “మనుషుల్ని తీసుకొస్తానక్కా. ఒక్క పూటలో పడగొట్టేద్దాం.”

“పడగొట్టడానికి నలుగురు చాల్రా. అది మనదని నలుగురూ ఒప్పుకోవాలంటే కోర్టే దిక్కు.”

దావా వేసింది. వాయిదా మీద వాయిదా పడుతూ ఏళ్లు దొర్లాయి. అక్క కోర్టు వరండాలో ఊరికే కూర్చోలేక కాజాలు కుట్టుకునేది. బెంచీకి ఆ చివర అన్నయ్య మూతి ముడుచుకుని కూర్చునేవాడు. ఇద్దరిదీ ఒకటే బస్సు. మొదట్లో మాటల్లేవు. ఒకసారి బస్సు కిక్కిరిసిపోతే ఆయనే సీటు మీద తువ్వాలు వేసి, “రామ్మా, కూర్చో” అన్నాడు. “కేసు కేసే, సీటు సీటే” అంటూ అక్క కూర్చుంది.

సాక్ష్యం రోజున అన్నయ్య తరఫు లాయరు గొంతు సవరించుకున్నాడు. “గోడ కడుతుంటే మీరు టీ పంపారా లేదా?”

“పంపానండి. పాపం, ఎండలో ఉన్నారు.”

“అంటే ఒప్పుకున్నట్టే కదా?”

“టీ ఇస్తే స్థలం ఇచ్చినట్టాండీ? అలాగైతే ఇందాక క్యాంటీన్‌లో మీకూ ఇప్పించాను!”

హాలంతా గొల్లుమంది. అన్నయ్య కూడా నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. జడ్జిగారు బల్ల మీద చేత్తో తట్టి, స్థలం కొలిపించమని కమిషనర్‌ను వేశారు.

ఆ కమిషనర్ ఒక లాయరమ్మ. సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చింది. టేపు సాగుతుంటే వీధి వీధంతా మూగింది. కొలత అన్నయ్య గోడ దాటి, ఆయన పెరట్లోకి సాగి, కట్టెల పేర్పు దగ్గర ఆగింది. కట్టెలు తీయించి తవ్విస్తే పాత హద్దురాయి బయటపడింది. అన్నయ్య వంగి దాని మీది మట్టి తుడిచి చూశాడు.

“మా నాన్న మాటే నమ్మానమ్మా. నిజంగా నాకు తెలియదు” అన్నాడు మెల్లగా.

“నాకు తెలుసన్నయ్యా. తెలిసుంటే నువ్వు కట్టవు.”

తీర్పు అక్కకే వచ్చింది. అప్పీలుకు వెళ్దామని లాయరు అంటే, “చాల్లెండి, బేకరీ చూసుకోవాలి” అని అన్నయ్య ఆయనకు దణ్ణం పెట్టేశాడు. మర్నాడు గునపం పట్టుకుని తన గోడ తనే కూల్చడం మొదలుపెట్టాడు. తమ్ముడు కాసేపు బింకంగా చూసి, చివరికి లుంగీ ఎగ్గట్టి ఇటుకలు మోయడానికి దిగాడు.

ఖాళీ అయిన చోట అక్క రేకుల షెడ్డు వేసి, ఇంకో మిషను పెట్టి, ఇద్దరు అమ్మాయిలకు పని నేర్పడం మొదలుపెట్టింది. మొదటి వాన కురిసిన రోజున అన్నయ్య గొడుగేసుకుని వచ్చాడు.

“అమ్మాయ్, నీ రేకుల నీళ్లన్నీ మా పెరట్లోకి పడుతున్నాయి.”

అక్క తలెత్తి వాలు చూసింది. నాలుక కరుచుకుంది.

“నిజమే అన్నయ్యా. వాన వెలవగానే ఇటు తిప్పిస్తాను. లోపలికి రా, తడిసిపోతున్నావు.”