ట్యాంకర్ ఇంజన్ నీళ్లు ఎటు పోయాయి

గోపన్‌పల్లి, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లకు నీళ్లు మోసే ఒక పాత లారీకి నేను డ్రైవర్ని. లారీ మా అక్క భర్తది. ట్యాంకర్ బిగించక ముందు అది ఏళ్ల తరబడి కంకర మోసింది. కంకర దింపి కట్టించిన ఇళ్లకే ఇప్పుడు నీళ్లు దింపుతున్నామని బావ నవ్వేవాడు.

ఒక వేసవిలో దాని రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం మొదలైంది. ఎప్పుడు మొదలైందో మాత్రం చెప్పలేను. మామూలు లారీ అయితే రేడియేటర్‌లో పోయడానికి డ్రైవర్ దారిలో ఆగి నీళ్లు వెతుక్కోవాలి. రెండోసారి ఆగేసరికి అనుమానం వస్తుంది. మాకు ఆ కష్టం లేదు. బోరు దగ్గర ట్యాంకర్ నింపుకున్నాక అదే పైపును ముందుకు లాగి రేడియేటర్‌లో కూడా కాస్త వదలడం ఈ చుట్టుపక్కల ట్యాంకర్ డ్రైవర్లందరి అలవాటు. పొంగితే పైపు తీసేస్తాం. ఎంత పట్టిందో ఎవరూ చూడరు.

ఆఫీసులు వదిలే వేళ ఒకనాడు లోడ్ దింపి ఖాళీగా తిరిగి వస్తున్నాను. గచ్చిబౌలి దాటేలోపే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. కార్ల మధ్య అంగుళం అంగుళం జరుగుతుంటే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేసింది. బండిని పక్కకు తీసి, బాగా చల్లారనిచ్చి మూత విప్పాను. నీళ్లు కంటికి ఆనలేదు.

మరునాడు బావ మెకానిక్‌ను బోరు దగ్గరికి పిలిపించాడు. ఆయన లారీ కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"నీళ్లు తగ్గుతున్నయ్ అంటున్నరు. కారిన జాడ ఏడ లేదు. అంటే లోపలికే పోతున్నయ్. హెడ్ గ్యాస్కెట్ అన్న పోయి ఉంటది, లేకుంటే హెడ్డే పలిగి ఉంటది. ఇంజన్ ఇప్పాలె."

"ఇప్పుడు ఈ ముసల్దానికి ఇంజన్ పని చేపియ్యాల్నా?" అన్నాడు బావ. "జీడిమెట్ల తుక్కు సేటు ఎప్పటిసంది అడుగుతుండు. ఇచ్చి పారేస్త."

అక్కడికక్కడే ఫోన్ చేశాడు. సోమవారం వచ్చి తీసుకుపోతానని తుక్కు సేటు చెప్పాడు. బావ నా వైపు తిరిగి, "నీకు ఇంకో బండి చూపిస్త తియ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఇంకో బండి అంటే ఇంకో యజమాని, ఇంకో ఊరివైపు రోడ్లు. ఆ లారీ గేరు ఏ శబ్దానికి పడుతుందో నా చేతికి తెలుసు. దాన్ని ముక్కలుగా కోస్తారంటే మనసొప్పలేదు.

"సోమారం దాక నాకియ్యి బావా. నీళ్లు ఎటు పోతున్నయో చూస్త."

"ఎట్ల చూస్తవ్? లైబ్రరీల అడుగుతవా?"

"అడుగుత."

"అడుగు. నీళ్లతోని చల్లారలే, పేజీలతోని విసురు" అన్నాడు. మెకానిక్ పకపకా నవ్వాడు.

బడి చదువు నాకు ఏడో తరగతితోనే అయిపోయింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. లోడ్ల మధ్య ఖాళీ దొరికితే అక్కడే కూర్చుంటాను. చుట్టూ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు. ఆ రోజు పక్క కుర్చీ అతను నా ముందున్న బొమ్మల పుస్తకం చూసి, "అన్నా, ఏ పోస్టుకు ప్రిపేర్ అవుతున్నవ్?" అని అడిగాడు. "ఉన్న పోస్టు నిలవెట్టుకునేందుకు" అన్నాను.

అది ఐటీఐ విద్యార్థుల కోసం రాసిన పాత డీజిల్ పుస్తకం. హెడ్ దగ్గర, అంటే ఇంజన్‌ను పైనుంచి మూసే దిమ్మె దగ్గర, లోపం ఉంటే మూడు గుర్తులు వెతకమని అందులో ఉంది. ఆయిల్ పాలు కలిసిన టీ రంగుకు మారుతుంది. రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తాయి. ఇంజన్ వేడెక్కాక కూడా పొగ తెల్లగా ఉంటుంది. వెళ్లి చూశాను. ఆయిల్ నల్లగానే ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేసి, నీళ్లలోకి తొంగి చూశాను. మొదట రెండు మూడు బుడగలు వచ్చి ఆగిపోయాయి. పొగ ఎప్పటి పొగే.

ఫోన్‌లో మెకానిక్‌కు చెప్పాను. "సన్న పలుగుడైతే మస్తు వేడెక్కినంకనే తెలుస్తది. గంతనే చూసి లేదనకు" అన్నాడు. అదీ నిజమే.

నీళ్లు బయటికే పోతున్నాయనుకుందాం. మరి జాడేది? అప్పుడు నాకు తట్టింది, మా లారీ కింద నేల ఎప్పుడైనా పొడిగా ఉందా అని. ట్యాంకర్ వాల్వ్ కారుతుంది, పైపు కారుతుంది, బోరు దగ్గర అంతా బురదే. అక్కడ ఇంజన్ నుంచి ఎంత కారినా కనిపించదు. ఖాళీ బండిని గోపన్‌పల్లి దాటి ఒక ఎండిన స్థలంలో ఆపాను. ఈ ఏరియాలో ఆన్‌లైన్ సామాన్ల అట్టపెట్టెలకు కొదవ లేదు. నాలుగు విప్పి ఇంజన్ కింద పరిచి, వేడెక్కేదాకా ఇంజన్ నడిపించాను. అట్టల మీద ఒక్క చుక్క పడలేదు. చల్లారాక మూత తీస్తే మాత్రం నీళ్లు కిందికి దిగాయి.

లోపలికి పోయిన గుర్తు లేదు. కింద పడలేదు. నాకు భయం తగ్గి, తమాషాగా అనిపించసాగింది. నీళ్లు ఇంకెటు పోతాయి?

లారీని దూరం తోలే ధైర్యం లేదు కానీ దగ్గరి లోడ్లు ఆపలేదు. శనివారం ఒక అపార్ట్‌మెంట్‌లో నీళ్లు దింపుతుంటే అక్కడి సెక్రటరీ గారు బకెట్ పట్టుకుని వచ్చారు. విజయవాడ వైపు ఆవిడ, రిటైరైన టీచర్.

"చూడు బాబూ, మీ నీళ్లు ఎలా చేశాయో! కొత్త బకెట్ ఇది. ఆరితే చాలు, తెల్లటి మచ్చలు. నిమ్మచెక్క పెట్టి రుద్దినా పోవట్లేదు. ఏం తాగిస్తున్నారు మాకు?"

"బోరు నీళ్లే మేడమ్. భూమిల సున్నం ఎక్కువుంటది. నీళ్లు ఆవిరైతయ్ గాని సున్నం పోదు" అన్నాను. సైన్స్ పుస్తకంలో చదివిన ముక్క.

"పాఠం బాగానే చెప్తున్నావు. మరి సున్నం తీసేసి తీసుకురా."

బకెట్ మీది మచ్చల్నే చూస్తూ ఉండిపోయాను. మా ఇంజన్ తాగేది కూడా ఈ నీళ్లే. ఎక్కడ తప్పించుకుని ఆవిరైపోయినా, అక్కడ ఇలాంటి ముద్ర వదిలే ఉండాలి. నేను వెతకాల్సింది తడిని కాదు, తెలుపును.

లోడ్ దిగేదాకా ఆగి, ఇంజన్ ఆపేసి, ఫోన్ టార్చ్‌తో ముందు భాగం వెతికాను. పైపుల కీళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు లోపలి వైపు వెలుతురు పడగానే ఆగిపోయాను. రేకు పొడవునా గుండ్రంగా తెల్లటి చారలు, ఎవరో సున్నం కుంచెతో విసిరినట్టు. పాత ఇంజన్లలో ఫ్యాన్, నీళ్లు తిప్పే పంపు ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఇరుసు వెంట ముందుకు వచ్చిన నీటిని ఫ్యాన్ చుట్టూరా చిమ్ముతోంది. వేడికి అది రేకు మీదే ఎండిపోతోంది. నేల దాకా చేరేది ఏముంది?

అయినా ఒక చిక్కు మిగిలింది. పంపు సీల్ పాడైతే నీళ్లు ముందుకు రాకుండా కిందికి కారిపోవడానికి పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుందని పుస్తకంలోని బొమ్మలో చూశాను. వేలు పెట్టి తడిమాను. రంధ్రం ఉండాల్సిన చోట గట్టి ముద్ద ఒకటి తగిలింది.

ఆదివారం బావనూ మెకానిక్‌నూ పిలిచి చూపించాను. మెకానిక్ చారల మీద గోరు గీసి చూశాడు. "మొన్న చూసిన గద, దుమ్మనుకున్న" అన్నాడు. ఫ్యాన్‌ను రెండు చేతులతో పట్టి ఊపాడు. లొటలొట ఆడింది. "బేరింగ్ కూడా పోయింది. ఇంకొన్ని దినాలైతే ఫ్యాన్ పోయి రేడియేటర్‌ల పడేది. గాని ఈ బొక్క ఎవడు మూసిండు?"

బావ నా వైపు చూసి మీసం సవరించుకున్నాడు. "నేనే. నీకంటే ముందు నేనే నడుపుతుంటి గద. చుక్క చుక్క పడ్తుండె. సీల్ ముద్ద పెట్టిన, బంద్ అయింది."

"బంద్ అయితదా? బండి ఏడ్వకుండ నోరు మూసినవ్ అన్నా!"

"పడ్తుంటే మూయక చూస్త కూసోవాల్నా?" అన్నాడు బావ.

మెకానిక్ పంపు విప్పాడు. బేరింగ్‌లో గ్రీజు ఆనవాలు కూడా లేదు, తుప్పు నీళ్లు కారాయి. సాయంత్రానికి కొత్త పంపు బిగించి, లోపలి మడ్డి కడిగి, ఈసారి బోరు నీళ్లకు బదులు ఆకుపచ్చ కూలెంట్ పోశాం. అయినా మెకానిక్ పూర్తి భరోసా ఇవ్వలేదు. "పంపు సంగతి తేలింది. హెడ్ సంగతి ఎత్తు ఎక్కితే తెలుస్తది."

ట్యాంకర్ నిండా నీళ్లతో బావ తానే స్టీరింగ్ పట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. నల్లగండ్ల ఫ్లైఓవర్ మీద ముందు బస్సు ఆగిపోవడంతో ఎత్తు మధ్యలో మేమూ ఆగాం. ఇద్దరం ముల్లునే చూస్తున్నాం. అది సగానికి వచ్చి, ఇంకాస్త జరిగి, నిలిచింది. బస్సు కదిలింది. మేం దిగువకు వచ్చేసరికి ముల్లు మళ్లీ సగానికి తగ్గింది. చల్లారేదాకా ఆగి మూత తీస్తే, ఆకుపచ్చ నీళ్లు పోసిన చోటే ఉన్నాయి.

బావ మూత బిగించాడు. తర్వాత ఫోన్ తీసి తుక్కు సేటుకు కలిపాడు.

"రేపు రాకు భాయ్... లేదు, ఇంకొకరికి ఇస్తలేను. బండి నడుస్తుంది... ఆఁ, మళ్ల అడిగితే రేటు తగ్గిస్తవా? తగ్గించుకో."

ఫోన్ జేబులో వేసుకుని తాళం నా చేతిలో పెట్టాడు. "గా టీచరమ్మ అపార్ట్‌మెంట్‌ల నీళ్లు లేవంట, రెండుసార్లు ఫోన్ చేసింది. జల్ది పో. సున్నం సంగతి నువ్వే చెప్పుకో" అన్నాడు.