గోల్‌కీపర్ చోటు

కొత్త చీర మడత పెడుతుంటే వచ్చే గంజి వాసనకు నాకు గద్వాల ఫుట్‌బాల్ మైదానం గుర్తొస్తుంది. మగ్గాల ఇళ్ళ పిల్లలం కదా, మా చొక్కాలన్నీ ఆ వాసనే వేసేవి.

క్లబ్బు పెద్దల జట్టులో మ్యాచుకింత అని డబ్బు తీసుకుని ఆడే మహబూబ్ అన్న, పొద్దున్నే మాకు ఊరికే ఆట నేర్పేవాడు. గోల్‌కీపర్‌గా మాత్రం మమ్మల్ని నిలబడనిచ్చేవాడు కాదు. ఎప్పుడూ తనే నిలబడేవాడు.

"అన్నా, ఒక్కసారి నేను నిలబడ్త," అని బతిమాలాను.

"నీకెందుకుర గది? పోయి గోల్ కొట్టు," అని తరిమేశాడు.

క్లబ్బుకున్న ఒక్క జత గ్లౌజులూ మాకు ఇవ్వాల్సొస్తుందనే ఇలా చేస్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి నాయనకు చెప్పుకుని ఏడ్చాను. మగ్గం గుంటలో కూర్చున్న నాయన, తెగిన పోగును వేళ్ళ కొసలతో నలిపి అతుకుతూ, "మంచోడురా ఆయన," అన్నాడు. నాకు ఇంకా మండింది.

ఇప్పుడు ఆ గుంటలో నేను కూర్చుంటున్నాను. ఒక్క వేలు విరిగినా పోగు అతకదు, మగ్గం ఆగిపోతుంది.

మొన్న బజార్లో మహబూబ్ అన్న కనిపిస్తే రెండు చేతులూ పట్టుకున్నాను. వంకర పోయిన ఆ వేళ్ళు నా చేతుల్లో సరిగా ముడుచుకోలేదు. చిన్నప్పుడు మేం కొట్టిన బంతులన్నీ వాటి మీదే పడ్డాయి.