నేను కలంతో కట్టిన గట్టు

మొన్న శ్రావణంలో ఒక మధ్యాహ్నం మా కోడలు ఫోను చూసుకుంటూ వచ్చి, "మామయ్యా, ఇంకో అరగంటల వానొస్తదంట, ఆరేసిన బట్టలు తీస్తున్న" అని చెప్పి దండెం వైపు వెళ్లింది. అన్నట్టే వైరా దిక్కు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, ఖమ్మంలో మా వీధి వీధంతా నానిపోయింది, కానీ ఆమె ముఖంలో ఆశ్చర్యం మచ్చుకైనా లేదు. రాని వానను ముందే చూడడం ఈ కాలం వాళ్లకు పొయ్యి మీద పాలు చూసుకున్నంత మామూలు. నాలాగే ఉద్యోగం చేసి దిగిపోయిన మీకు మాత్రం చెబితే అర్థమవుతుంది: అలా రాని వానను మొదటిసారి చూసిన రోజు నాకు ఒళ్లు గగుర్పొడిచింది, ఆ వెంటనే సిగ్గుతో తల వాలిపోయింది కూడా.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. నేను భద్రాచలంలో ఒక ఇంజనీరింగు ఆఫీసులో సర్వేయరుగా ఉండేవాణ్ణి. చర్ల రోడ్డులో ఒక గుట్ట వాలు మీద ఉద్యోగులకు కొత్త కాలనీ, దాని పక్కన పిల్లలకు హాస్టలు కట్టాలని తలపెట్టారు. ఆ వాలుకు దిగువన పాతిక ఇళ్ల కోయగూడెం ఒకటి ఉండేది. మా ఊళ్లో వరదంటే గోదావరిదే, అది ఎప్పుడు రేవులో ఏ మెట్టు దాకా వస్తుందో పసిపిల్లలు కూడా చెప్పేవారు. గుట్ట మీద పడిన వాన ఎటు పోతుందో పట్టించుకున్నవాళ్లు మాత్రం లేరు. ఆ నేల ఎత్తుపల్లాలు కొలిచి పుస్తకంలో రాసివ్వడం నా పని.

వైశాఖమాసపు ఎండ నెత్తిన పెనంలా కాలుతోంది. వాలు నడుమ ఒకచోట వెదురూ పరికికంపా కలిసి మనిషి దూరలేనంత దట్టంగా అల్లుకుని ఉన్నాయి, అందులో ఎలుగుబంటి తిరుగుతుందని కూడా చెప్పారు. నేను పొదలకు ఎగువనా దిగువనా కొలిచి, ఇప్పచెట్టు నీడన కూర్చుని, లోపల కాస్త మెరక ఉంటుందనుకుని ఆ కొలతలు మాత్రం ఊహించి రాసేశాను. నా చేతిరాత ముత్యాల్లా ఉండేది, అబద్ధాన్ని కూడా అంతే అందంగా రాశాను.

ఆ తర్వాత వచ్చింది ఆ అమ్మాయి. వరంగల్లులో చదువుకున్న కొత్త ఇంజనీరు, మా పెద్దకూతురి ఈడుది. మా ఆఫీసులో ఉత్తరాలు టైపు చేయడానికి మాత్రమే వాడుతూ, మిగతా వేళల్లో గుడ్డ కప్పి ఉంచే కంప్యూటరు ముందు పదిహేను రోజులు కూర్చుంది. నేను రాసిన కొలతలు, ఏ నేల ఎంత నీరు తాగుతుంది, ఎన్ని పైకప్పులు వస్తాయి, సిమెంటు రోడ్డు ఎంత పరుస్తారు, అన్నీ ఒక్కొక్కటిగా అందులోకి ఎక్కించింది. ఒకరోజు పొద్దున్నే మమ్మల్ని పిలిచి, వాన కురిపిస్తానంది. మేం నవ్వుకున్నాం.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తెర మీద మా గుట్ట కనిపించింది. దాని మీద సన్నటి నీలిగీతలు పుట్టాయి, ఒకదానితో ఒకటి కలిశాయి, లావెక్కాయి, నేను కాళ్లరిగేలా తిరిగిన ఆ వాలు మీద నిజంగా నీళ్లు నడిచినట్టే కిందికి నడిచాయి. బయట మండుటెండ, లోపల వాన. నోరు తెరుచుకుని చూస్తుండగా గుట్ట నడుమకు వచ్చిన నీలిరంగు ఠక్కున ఆగి, అక్కడే మడుగు కట్టడం మొదలుపెట్టింది.

"సార్, ఇక్కడ నీళ్లు ముందటికి పోతలేవు. అడ్డంగ ఏమన్న గట్టు ఉందా?" అని అడిగింది.

అవి నేను చూడకుండా రాసిన పొదలు. ఉండొచ్చు మేడం అన్నాను. అయితే చూసొద్దామని ఆమె ఆ సాయంత్రమే నన్ను గూడేనికి బయల్దేరదీసింది. అక్కడ ఇప్పపువ్వు ఎండబోసుకుంటున్న ముసలమ్మను గట్టు సంగతి అడిగితే, ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది.

"గట్టేడిది సారూ? ఆ పొదలల్లకెళ్లే వాగు దుంకుతది. మా తాతల కాన్నుంచి గట్లనే దుంకుతది."

ఆ అమ్మాయి నా వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు గూడెంలోని ఒకాయన్ని కత్తి పట్టుకుని తోడు రమ్మన్నాను. కంప నరుక్కుంటూ లోపలికి వెళితే, ఆకుల కింద మనిషి లోతున పాతవాగు దారి, అడుగున నున్నగా అరిగిన రాళ్లు. మూడు రోజులు చేతులు చీరుకుపోతున్నా ప్రతి అడుగూ కొలిచి, పుస్తకం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టి, పోయినసారి లోపలికి పోకుండానే రాశానని చెప్పేశాను.

"ఇప్పుడు పోయిండ్రు గద సార్" అని, కొలతలు దిద్దడం మొదలుపెట్టింది.

దిద్దాక మళ్లీ వాన కురిపించింది. మొదట ఇప్పుడున్న గుట్ట మీద: నీళ్లు పొదల్లోంచి దిగి, వాగు గట్లు దాటకుండా గూడెం పక్కనుంచి సాగిపోయాయి. తర్వాత కాలనీ కట్టాక ఉండబోయే గుట్ట మీద అదే వానను, చుక్క తేడా లేకుండా కురిపించింది. ఈసారి తాగే నేల లేక, పైకప్పుల మీదివీ రోడ్ల మీదివీ అన్నీ ఒక్కుమ్మడిగా ఉరికి వచ్చాయి. వాగు పొంగింది. గూడెంలోని చిన్నచిన్న చదరాలు ఒకదాని వెనుక ఒకటి నీలంలో మునిగిపోయాయి. వాటిలో ఏ చదరం ఆ ముసలమ్మ ఇల్లో నాకు తెలుసు.

అప్పటికే పాత నక్షా మీద సంతకాలైపోయాయి, పునాదులకు ముగ్గులు కూడా పోశారు. మా పెద్ద ఇంజనీరు కోపిష్ఠి. ఆ అమ్మాయి తప్పు తన మీద వేసుకోబోతుంటే అడ్డుపడి నేనే చెప్పాను. ఆయన తెర మీద ఆ పొదలున్న చోటును వేలితో చూపించాడు.

"గీ ఒక్క జాగలనేనా? ఇంకేడన్న గూడ గిట్లనే రాసినవా?"

ఆ ప్రశ్న ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను అడుగుతూనే ఉంటుంది.

మెమో ఇచ్చాడు, నక్షా కూడా మార్చాడు. కొన్ని ఇళ్లు తగ్గించారు, వాగుకు ఎగువన నీళ్లు నిలబెట్టి మెల్లగా వదిలే చెరువొకటి తవ్వారు, దాని తూము పక్కన రాతికి ఎర్రరంగుతో గీతలు గీశారు. గట్టివాన పడితే నీళ్లు నాలుగో గీత దగ్గర ఆగుతాయని ఆమె చెప్పింది.

కాలనీ లేచిన ఏడాది, ఆషాఢంలో పట్టపగలు ఆ వాన పడింది. గొడుగులు నిలవలేదు. నేనూ, ఆమే, గూడెం జనమంతా చెరువు గట్టు మీద చేరాం. ఎర్రటి నీళ్లు హోరుమంటూ వచ్చి రెండో గీత దాటాయి, మూడోది దాటాయి, నాలుగో గీతను ముట్టుకున్నాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి, లెక్కలో మొక్కులో తెలియలేదు. నీళ్లు అక్కడే ఊగాయి. అంతకు మించి ఎక్కలేదు. తూములోంచి పలుపు పట్టి నడిపించిన ఆవులా నెమ్మదిగా వాగులోకి దిగిపోయాయి. దిగువన గూడెంలో పొయ్యిల పొగ లేస్తూనే ఉంది.

ముసలమ్మ ఆమె చెంపలు రెండు చేతులా నిమిరి, "గిన్ని నీళ్లను ముందుగాల్నే ఎట్ల చూసినవ్ బిడ్డా?" అంది. ఆమె నా వైపు చూపించి, "సార్ నడిచి చూసిండమ్మా, నేను లెక్క కట్టిన" అంది. నా ఉద్యోగమంతటికీ ఎవరైనా ఇచ్చిన బహుమానం అదొక్కటే.

ఇప్పుడు నేల కొలతలు ఆకాశంలో తిరిగే డ్రోన్ల నుంచే వస్తున్నాయి. ఏ పొదా చాటు కాదు, నాలాంటివాడు అబద్ధం రాసే వీలూ లేదు. మంచిదే. కానీ, ఒక ఊరి గతి తన చేతిరాతలో ఉందని తెలిసి వణికినవాడు, సిగ్గుపడి మళ్లీ ముళ్లలోకి నడిచినవాడు ఇప్పుడు ఆ లెక్కల్లో ఎక్కడా అక్కర్లేదు. ఆ వణుకు లేకుండా గీసిన నక్షాలను చూసినప్పుడల్లా, అవి ఎంత తప్పులేనివైనా, ఇక్కడ నడిచిన మనిషెవరని నా కళ్లు వెతుక్కుంటాయి.